ఒక సెమిస్టర్ విదేశంలో చదవబోతున్నారా? బయలుదేరేలోగా ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఎంపికైనట్టు ఉత్తరం వచ్చిన రోజు నుంచి విమానం ఎక్కే రోజు వరకు చేయాల్సిన పనులన్నీ ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉంటాయి. పాస్‌పోర్టు సంఖ్య లేనిదే ఆహ్వాన పత్రం రాదు. ఆహ్వాన పత్రం లేనిదే వీసా దరఖాస్తు ముందుకు సాగదు. వీసాకు బీమా, బస చిరునామా, బ్యాంకు నిల్వ రుజువు అడుగుతారు. మధ్యలో ఒక్క కాగితం ఆలస్యమైతే దాని వెనకున్నవన్నీ ఆగిపోతాయి.

పూర్తి డిగ్రీకి వెళ్లేవారికి మొదట్లో కొంత కాలం వృథా అయినా సర్దుకునే వ్యవధి ఉంటుంది. నాలుగైదు నెలల కోసం వెళ్లేవారికి అది ఉండదు. మొదటి మూడు వారాలు కార్యాలయాల చుట్టూ తిరగడంలోనే గడిచిపోతే వెళ్లినందుకు దక్కాల్సిన దానిలో పెద్ద భాగం చేజారినట్టే. అందుకే ఇక్కడ ఒకే సూత్రాన్ని పట్టుకుని వరుస చెబుతున్నాను. ఇంటి దగ్గర ఉన్నప్పుడు మాత్రమే చేయగలిగిన పనులు ముందు చేయాలి. అక్కడికి చేరాక కూడా చేసుకోగలిగినవి తర్వాత చూసుకోవచ్చు. సూట్‌కేసు గురించి ఆలోచించడం అన్నిటికంటే చివర.

1. పాస్‌పోర్టును ఈరోజే తెరిచి చూడండి

గడువు ఇంకా ఉంది కదా అని ఊరుకుంటే సరిపోదు. చాలా దేశాలు ప్రయాణ తేదీకి పైన ఆరు నెలల గడువు మిగిలి ఉండాలని అడుగుతాయి. షెంగెన్ దేశాల (ఉమ్మడి వీసా పద్ధతి పాటించే ఐరోపా దేశాల) సాధారణ నియమం ప్రకారం అక్కడి నుంచి తిరిగి బయలుదేరే తేదీ తర్వాత కనీసం 3 నెలలు గడువు ఉండాలి, పాస్‌పోర్టు జారీ అయి 10 ఏళ్లు దాటకూడదు. మీరు తిరిగి రావాల్సిన తేదీకి ఆరు నెలలు కలిపి చూడండి. పాస్‌పోర్టు అంతకంటే ముందే ముగిసిపోతుంటే, మరే దరఖాస్తూ పంపకముందే కొత్తది తీసుకోండి. తర్వాత వచ్చే ప్రతి కాగితం మీదా ఆ సంఖ్యే ఉంటుంది కాబట్టి మధ్యలో మార్చడం పెద్ద తలనొప్పి.

పేరు కూడా సరిచూడండి. పాస్‌పోర్టులో, మార్కుల పత్రాల్లో, ప్రవేశ పత్రంలో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకే విధంగా ఉండాలి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట పొడి అక్షరాలుగా ఉంటే సరిదిద్దించుకోవడానికి ఇదే సమయం.

2. క్రెడిట్లు: అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడే

ఈ సన్నాహం మొత్తంలో నేను అత్యంత ముఖ్యమని భావించేది ఈ అడుగే. విద్యార్థులు తేలిగ్గా తీసుకునేదీ ఇదే. వీసా రాకపోతే ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. క్రెడిట్ల లెక్క తేడా వస్తే తిరిగి వచ్చాక, డిగ్రీ చివరలో బయటపడుతుంది. అప్పుడు సరిదిద్దుకోవాలంటే మరో సెమిస్టర్ చదవాల్సి రావచ్చు.

ముందు లెక్క అర్థం చేసుకోండి. ఐరోపాలో 1987లో 11 దేశాలకు చెందిన 3,244 మంది విద్యార్థులతో ఎరాస్మస్ అనే విద్యార్థుల మార్పిడి కార్యక్రమం మొదలైంది. ఒక దేశంలో చదివిన చదువును మరో దేశంలో లెక్కించే పద్ధతి అవసరమై, 1989లో అందులో భాగంగానే ఇసిటిఎస్ అనే క్రెడిట్ విధానాన్ని ప్రవేశపెట్టారు. ఆ విధానంలో ఏడాదికి 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. తరగతులు, ఇంటి దగ్గర చదువు, పరీక్షలు అన్నీ కలిపి ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ. అమెరికాలో సెమిస్టర్‌కు 12 నుంచి 15 క్రెడిట్లు సాధారణం. అంటే అక్కడి ఒక క్రెడిట్‌ను దాదాపు రెండు ఇసిటిఎస్ క్రెడిట్లుగా లెక్కిస్తారు. మీ విశ్వవిద్యాలయం ఏ నిష్పత్తిని పాటిస్తుందో పరీక్షల విభాగాన్ని అడిగి కాగితం మీద తీసుకోండి. మార్కులను గ్రేడ్లుగా మారుస్తారా, లేక ఉత్తీర్ణత మాత్రమే నమోదు చేస్తారా అన్నదీ అడగాలి. ఉత్తీర్ణత మాత్రమే నమోదయ్యే చోట, ఆసక్తి ఉన్నా కష్టమని వెనకాడుతున్న కోర్సును ధైర్యంగా తీసుకోవచ్చు.

ఇక కోర్సుల పోలిక. మీ శాఖలో గణాంక శాస్త్రం తప్పనిసరి కోర్సు అనుకుందాం. అక్కడా అదే పేరుతో ఒక కోర్సు కనిపిస్తుంది. పేరు కలిసింది కదా అని నమోదు చేసుకుంటే చాలదు. మీ సిలబస్‌లో సగం సంభావ్యత ఉండవచ్చు. అక్కడ దాన్ని రెండు వారాల్లో ముగించి మిగతా సెమిస్టరంతా రిగ్రెషన్ అనే మరో అంశం చెప్పవచ్చు. అధ్యాపకులు చూసేది వారాలవారీ పాఠ్యాంశాలు, తరగతి గంటలు, పాఠ్యపుస్తకం, పరీక్ష విధానం. కాబట్టి ఆ వివరాలన్నీ ఉన్న పూర్తి సిలబస్‌ను అక్కడి శాఖ నుంచి తెప్పించుకోండి. తర్వాత మీ అధ్యాపకులకు రాసే ఉత్తరం ఇలా ఉంటే జవాబు త్వరగా వస్తుంది:

"నమస్కారం సర్. వచ్చే సెమిస్టర్ ఫలానా విశ్వవిద్యాలయంలో చదవడానికి ఎంపికయ్యాను. మన గణాంక శాస్త్రం కోర్సుకు బదులుగా అక్కడి ఫలానా కోర్సు చదవాలనుకుంటున్నాను. రెండు సిలబస్‌లూ జతపరిచాను. మన ఐదు యూనిట్లలో నాలుగు అక్కడ పూర్తిగా ఉన్నాయి. ఐదో యూనిట్ లేదు. దీన్ని సమాన కోర్సుగా గుర్తించడానికి వీలవుతుందా? వీలైతే ఈ నెల 20లోగా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. అక్కడ చదవబోయే కోర్సులు రాసి ఇచ్చే ఒప్పంద పత్రానికి అదే ఆఖరి తేదీ."

ఐదో యూనిట్ లేదన్న సంగతి మీరే ముందుగా చెప్పడం ఎంతో మేలు చేస్తుంది. ఆ లోటును చిన్న ప్రాజెక్టుతో భర్తీ చేయమని అధ్యాపకులు సూచించవచ్చు. వారే వెతికి పట్టుకుంటే మొత్తం కోర్సు మీదే అనుమానం వస్తుంది. నోటిమాటగా "సరే, చూద్దాం" అన్నదాన్ని అనుమతిగా భావించవద్దు. తిరిగి వచ్చేసరికి ఆ అధ్యాపకులు సెలవులో ఉండవచ్చు, శాఖాధిపతి మారి ఉండవచ్చు.

మీకు ఐదు కోర్సులు కావాలంటే ఎనిమిదింటికి అనుమతి తీసుకోండి. అక్కడి కాలపట్టిక తరచూ ఆఖరున ఖరారవుతుంది. రెండు కోర్సులు ఒకే గంటకు పడతాయి, ఒకదానిలో సీట్లు నిండిపోతాయి, మరొకటి ఆ సెమిస్టర్‌లో ఉండనే ఉండదు. బోధన ఏ భాషలో జరుగుతుందో కూడా ప్రతి కోర్సుకూ విడివిడిగా చూడాలి. విశ్వవిద్యాలయం వెబ్‌సైటు ఇంగ్లీషులో ఉన్నంత మాత్రాన తరగతి ఇంగ్లీషులో జరుగుతుందని అనుకోవద్దు.

చివరిగా పరీక్షల తేదీలు. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ చాలా విశ్వవిద్యాలయాల్లో అక్టోబరు నుంచి మార్చి వరకు లెక్క. పాఠాలు ఫిబ్రవరి దాకా సాగుతాయి, పరీక్షలు ఆ తర్వాత. జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో రెండో సెమిస్టర్ సాధారణంగా జూలై నుంచి నవంబరు దాకా. మీ కళాశాలలో తర్వాతి సెమిస్టర్ జనవరిలోనే ప్రారంభమైతే రెండూ ఢీకొంటాయి. తిరుగు టికెట్ కొనేముందే ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. అవసరమైతే ముందస్తు పరీక్షకు గానీ, ఆలస్యంగా చేరడానికి గానీ ఇప్పుడే అనుమతి అడగండి.

3. వీసా

మొదట మీకు కావాల్సిన వీసా రకం తెలుసుకోండి. షెంగెన్ స్వల్పకాల వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. సెమిస్టర్ దానికంటే పెద్దది కాబట్టి ఆ దేశపు దీర్ఘకాల జాతీయ వీసా కావాలి. అమెరికాకు విద్యార్థుల మార్పిడి కార్యక్రమం కింద వెళ్లేవారికి సాధారణంగా జె-1 వీసా, దానికి డిఎస్-2019 పత్రం ఉంటాయి. కొందరికి ఐ-20 పత్రంతో ఎఫ్-1 విద్యార్థి వీసా వర్తిస్తుంది. కార్యక్రమం మొదలయ్యే తేదీకి 30 రోజులకంటే ముందు ఆ వీసాల మీద అమెరికాలో అడుగుపెట్టనివ్వరు కాబట్టి టికెట్ తేదీ చూసుకోండి. జపాన్‌కు అయితే ముందు అక్కడి విశ్వవిద్యాలయం ద్వారా అర్హత ధ్రువపత్రం రావాలి, ఆ తర్వాతే వీసా. నియమాలు మారుతుంటాయి. సీనియర్ చెప్పిన జాబితా కంటే ఆ దేశ కాన్సులేట్ వెబ్‌సైటులో ఈ వారం ఉన్న జాబితానే నమ్మండి.

దరఖాస్తు చేసే అర్హత వచ్చిన రోజే ఇంటర్వ్యూ లేదా దరఖాస్తు తేదీ ఖరారు చేసుకోండి. మిగతా కాగితాలు ఆలోగా సమకూర్చుకోవచ్చు. పత్రాలకు అపొస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని మరో దేశం కోసం ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) అడిగితే దానికి సమయం పడుతుంది. 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం వేసే ఈ ముద్రను పత్రం జారీ అయిన దేశంలోనే వేయించాలి. వెళ్లిపోయాక దూరం నుంచి చేయించడం చాలా కష్టం.

అన్ని కాగితాల్లోని తేదీలు ఒకదానితో ఒకటి సరిపోలాలి. బీమా సెప్టెంబరు 5న మొదలై, బస ఒప్పందం ఆగస్టు 28న మొదలైతే మధ్య రోజుల గురించి ప్రశ్న వస్తుంది. ప్రవేశ పత్రం, బస, బీమా, టికెట్ నాలుగింటినీ ఒక కాగితం మీద తేదీలతో రాసుకుంటే ఖాళీలు వెంటనే కనిపిస్తాయి.

అక్కడ పని చేసి ఖర్చులు వెళ్లదీయవచ్చన్న ఆలోచన మీద బడ్జెట్ కట్టవద్దు. జపాన్‌లో అనుమతి తీసుకున్న విద్యార్థి వారానికి 28 గంటలు, ఆస్ట్రేలియాలో చదువు సాగే కాలంలో రెండు వారాలకు 48 గంటలు పని చేయవచ్చు. కానీ అనుమతి, పన్ను సంఖ్య, బ్యాంకు ఖాతా అన్నీ కుదిరి ఉద్యోగం దొరికేసరికి మీ సెమిస్టర్‌లో సగం గడిచిపోతుంది.

4. బస

విశ్వవిద్యాలయ వసతిగృహానికి దరఖాస్తులు తెరిచిన రోజే పంపండి. వీసా వచ్చేదాకా ఆగితే గదులు మిగలవు. రద్దు చేసుకుంటే ఎంత తిరిగి ఇస్తారో మాత్రం చూసుకోండి. బయట ఇళ్లను చాలాచోట్ల ఏడాది ఒప్పందం మీదే ఇస్తారు. ఒక్క సెమిస్టర్‌కు కావాలంటే, అదే సమయంలో వేరే దేశానికి వెళ్తున్న అక్కడి విద్యార్థుల గదులు మంచి మార్గం.

మోసాలు దాదాపు ఒకే తీరున జరుగుతాయి. అద్దె ఆ ప్రాంతానికి మరీ తక్కువగా ఉంటుంది, యజమాని వేరే దేశంలో ఉన్నానంటాడు, డబ్బు పంపితే తాళం పోస్టులో వస్తుందంటాడు. వీడియో కాల్‌లో గది చూపించడానికి ఒప్పుకోని వారికి ఒక్క రూపాయి కూడా పంపవద్దు. ఏదీ కుదరకపోతే మొదటి పది రోజులకు తాత్కాలిక బస తీసుకుని అక్కడికెళ్లి చూసుకోవడమే మేలు. జర్మనీ లాంటి దేశాల్లో చిరునామా నమోదుకు యజమాని ఇచ్చే ధ్రువపత్రం తప్పనిసరి. అది ఇస్తారో లేదో ముందే అడగండి.

5. డబ్బు, ఫోను నంబరు

ఈ రెంటినీ కలిపి చెప్పడానికి కారణం ఉంది. విదేశంలో మీ కార్డుతో అద్దె కట్టబోతారు. బ్యాంకు ఓటీపీ పంపుతుంది. అది ఇంటి నంబరుకు వెళ్తుంది. ఆ సిమ్ డ్రాయరులో ఉంటుంది, లేదా రీఛార్జి లేక ఆగిపోయి ఉంటుంది. నంబరు మార్చమని అడిగితే శాఖకు స్వయంగా రమ్మంటారు. సొంత ఖాతాలో సొంత డబ్బు ఉండి కూడా వాడుకోలేని స్థితి ఇది.

కాబట్టి ఇంటి సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ చేయించి, మీరు తిరిగి వచ్చే నెల వరకు చెల్లుబాటు ఉండేలా రీఛార్జి చేయండి. కుటుంబ సభ్యుల్లో ఒకరికి ఆ తేదీలు అప్పగించండి. మీ ఫోనులో రెండు సిమ్‌లకు చోటుందా, ఈ-సిమ్ పనిచేస్తుందా, ఒకే కంపెనీకి లాక్ అయి ఉందా అన్నవి చూడండి. వీలున్న ప్రతి ఖాతాకూ సంకేతాలు ఎస్సెమ్మెస్ బదులు అథెంటికేటర్ యాప్ ద్వారా వచ్చేలా మార్చండి. ఫోను పోతే వాడుకునే అత్యవసర సంకేతాలను కాగితం మీద ముద్రించి ఫోనుకు దూరంగా దాచండి.

కార్డులు కనీసం రెండు, వేర్వేరు నెట్‌వర్కులవి, వేర్వేరు సంచుల్లో ఉంచండి. వాటి గడువు మీరు తిరిగి వచ్చేలోగా ముగియకూడదు. కొత్త కార్డు ఇంటికే వస్తుంది మరి. విదేశీ లావాదేవీలకు అనుమతి, పరిమితి రెండూ ముందే పెట్టించండి. అక్కడి ఏటీఎం "మీ దేశపు కరెన్సీలో తీసుకుంటారా, స్థానిక కరెన్సీలోనా?" అని అడిగితే ప్రతిసారీ స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. మీ దేశపు కరెన్సీని ఎంచుకుంటే మారకపు రేటును ఆ యంత్రం వెనకున్న సంస్థ నిర్ణయిస్తుంది, అది సాధారణంగా మీకు నష్టమే.

మొదటి నెల ఖర్చు మిగతా నెలలకంటే బాగా ఎక్కువగా ఉంటుంది. అడ్వాన్సు, నివాస అనుమతి రుసుము, ప్రయాణ పాసు, పరుపు, దుప్పట్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి. నెలసరి సగటు చూసుకుని బడ్జెట్ వేసేవారు ఇబ్బంది పడేది ఇక్కడే.

6. ఆరోగ్యం

దంతవైద్యుడికి ఒకసారి చూపించుకోండి. విద్యార్థి బీమాల్లో పంటి చికిత్స చాలావరకు ఉండదు. కళ్లద్దాలు వాడేవారు అదనపు జత, కొలతల చీటీ తీసుకెళ్లాలి. టీకాల రికార్డు ఇంగ్లీషులో చేయించుకోండి. అనేక అమెరికా విశ్వవిద్యాలయాలు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా రుజువు లేకుండా నమోదు పూర్తి చేయవు. కొన్ని టీకాలు కొద్ది వారాల వ్యవధితో రెండు మోతాదులుగా పడవచ్చు, ఆలస్యం చేయవద్దు.

రోజూ వాడే మందుల విషయంలో చాలా జాగ్రత్త అవసరం. ఒక దేశంలో మామూలు మందు మరో దేశంలో నిషిద్ధం కావచ్చు. ఏకాగ్రత లోపానికి వాడే ఆంఫెటమైన్ మందులను జపాన్‌లోకి వైద్యుడి చీటీ ఉన్నా తీసుకురానివ్వరు. సూడోఎఫెడ్రిన్ 10 శాతానికి మించిన జలుబు మందులూ అంతే. నెలకు మించిన మోతాదులో వైద్యుడు రాసిన మందులకు అక్కడ ముందస్తు అనుమతి కావాలి. కోడీన్, ట్రమడాల్ ఉన్న నొప్పి మందులకు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ముందస్తు అనుమతి అడుగుతుంది. బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు, మోతాదు, కారణం రాసిన వైద్యుడి ఉత్తరం తీసుకుని, మందులను వాటి డబ్బాల్లోనే చేతి సంచిలో పెట్టుకోండి.

బీమా కొనే ముందు అక్కడి విశ్వవిద్యాలయం దేన్ని అంగీకరిస్తుందో అడగండి. ఆస్ట్రేలియా విద్యార్థి వీసాకు ఓఎస్‌హెచ్‌సీ అనే ప్రత్యేక బీమా సాధారణంగా తప్పనిసరి. ముందే మరోటి కొంటే రెండుసార్లు కట్టాల్సి వస్తుంది.

7. ఇంటి దగ్గర వదిలి వెళ్లే వ్యవహారాలు

కళాశాల రికార్డుల్లో మీరు చదువు ఆపేసినట్టు కాకుండా, మార్పిడి కార్యక్రమంలో ఉన్నట్టు నమోదు కావాలి. ఉపకార వేతనం, విద్యా రుణం రెండూ ఆ ఒక్క పదం మీద ఆధారపడి ఉంటాయి. తర్వాతి సెమిస్టర్ నమోదు, ఉద్యోగ ఎంపికలు మీరు లేని సమయంలోనే జరిగితే దూరం నుంచి పాల్గొనే వీలుందేమో ఆయా కార్యాలయాల్లో కనుక్కోండి. మీ తరఫున సంతకం చేయడానికి నమ్మకమైన ఒకరికి అధికార పత్రం రాసి ఇవ్వండి. అన్ని పత్రాల స్కాన్ ప్రతులు వారి దగ్గరా ఉండాలి.

8. సామాను

ఇప్పుడు సూట్‌కేసు. బట్టలు, సబ్బులు, పాత్రలు ఎక్కడైనా దొరుకుతాయి. బరువు పరిమితి టికెట్‌ను బట్టి మారుతుంది. ఎకానమీ తరగతిలో ఒక్కో సంచికి 23 కిలోలు సాధారణం. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి అవసరం. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు దాదాపు 74 వాట్-అవర్లు కాబట్టి ఇబ్బంది లేదు. చార్జర్ మీద 100–240 వోల్టులని ఉంటే ప్లగ్ అడాప్టర్ చాలు. జుట్టు ఆరబెట్టే యంత్రం, ఇస్త్రీపెట్టె ఇంట్లోనే ఉంచండి. జపాన్ 100, అమెరికా 120, ఐరోపా 230 వోల్టులు. వోల్టేజీలో తేడా ఎక్కువగా ఉంటే అవి సరిగా పనిచేయవు, లేదా కాలిపోతాయి.

చేతి సంచిలో ఒక ఫైలు ప్రత్యేకంగా ఉంచండి. పైనుంచి కిందికి: పాస్‌పోర్టు, ప్రవేశ పత్రం, ఆర్థిక రుజువు, బస చిరునామా, బీమా, తిరుగు టికెట్. ఇమిగ్రేషన్ అధికారులు ప్రశ్నలు దాదాపు ఈ క్రమంలోనే అడుగుతారు. ఆ చిరునామాను, విశ్వవిద్యాలయ ఫోను నంబరును కాగితం మీద కూడా రాసుకోండి. దిగిన వెంటనే ఫోను పనిచేయకపోవచ్చు.

9. దిగాక మొదటి రెండు వారాలు

గడువులన్నీ ఇక్కడే ఉంటాయి. జర్మనీలో ఇంట్లోకి మారిన రెండు వారాల్లో, జపాన్‌లో నివాసం కుదిరిన 14 రోజుల్లో చిరునామా నమోదు చేయాలి. ఇటలీలో అడుగుపెట్టిన 8 పనిదినాల్లో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. ఫ్రాన్స్‌లో నివాస అనుమతిగా పనిచేసే దీర్ఘకాల వీసాను 3 నెలల్లోగా ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. అత్యవసర నంబరు ఫోనులో వేసుకోండి: ఐరోపా సమాఖ్యలో 112, అమెరికాలో 911, ఆస్ట్రేలియాలో 000.

మనసు సంగతీ ముందే తెలిసి ఉండడం మంచిది. ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనం మీద అమెరికా వెళ్లిన నార్వే వారిని పరిశీలించి సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్గార్డ్ 1955లో ఇంగ్లీషు యు అక్షరం ఆకారంలో ఒక రేఖను ప్రతిపాదించారు. తొలి ఉత్సాహం, తర్వాత దిగులు, ఆపై నెమ్మదిగా కుదురుకోవడం అందులోని దశలు. అందరికీ అలాగే జరగదని తర్వాతి పరిశోధనలు చూపాయి. అయినా దిగులు వస్తే అది మీ లోపమని మాత్రం అనుకోవద్దు. నాలుగైదు నెలల్లో ఆ పల్లం మధ్యంతర పరీక్షల సమయానికే వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఉత్సాహం ఉన్న మొదటి వారంలోనే ఏదో ఒక క్లబ్బులోనో ఆటల బృందంలోనో చేరిపోండి. ఇంటికి ఫోను చేసే రోజు, సమయం ముందే ఖాయం చేసుకోండి. ఐరోపా గడియారాలు అక్టోబరు ఆఖరి ఆదివారం, అమెరికావి నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుగుతాయి కాబట్టి ఆ సమయాన్ని అప్పుడు సరిచూసుకోండి.

కోర్సులు మార్చుకోవడానికి అక్కడ ఇచ్చే గడువు తరచూ రెండు మూడు వారాలే. మార్చాల్సి వస్తే ముందుగా అనుమతి తీసుకున్న ఎనిమిదింటిలోంచే ఎంచుకోండి, సవరించిన ఒప్పంద పత్రం మీద రెండు విశ్వవిద్యాలయాల సంతకాలూ అదే వారంలో తీసుకోండి. మార్కుల పత్రం మీ చేతికి ఇస్తారా, నేరుగా మీ కళాశాలకు పంపుతారా, దానికి ఏ దరఖాస్తు నింపాలి అన్నది కూడా అక్కడి అంతర్జాతీయ విభాగంలో అప్పుడే అడిగి, ఆ దరఖాస్తు నింపే తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి.